ఆ రాత్రి ఇంటికి తాళం వెయ్యొద్దు

గుంటూరు,
ఆగమన కాలం మొదటి ఆదివారం, రాత్రి

చిట్టితల్లికి,

అత్తయ్య దీవించి రాసేది.  మీ నాన్నకి షుగరు అదుపులోనే ఉంది, పొద్దున నడక మాత్రం మళ్ళీ మానేశాడు. నీ జలుబు తగ్గిందా? మియాపూర్ చలి మనూరి చలిలాంటిది కాదు. తలకి ఏదో ఒకటి చుట్టుకోకుండా బండెక్కొద్దు.

నీ మెసేజీ గురువారం వచ్చింది. "గొడవ లేకుండా ఈసారి ఎవరింటికీ వెళ్ళడం లేదత్తయ్యా, 23 రాత్రి బయల్దేరి కూర్గ్ వెళ్ళి 27కి వచ్చేస్తాం" అని రాసి, చివర నవ్వుతున్న బొమ్మ ఒకటి పెట్టావు. మూడు రోజులుగా ఆ బొమ్మనే చూస్తున్నాను. నువ్వు నిజంగా సంతోషంగా ఉంటే బొమ్మలతో సరిపెట్టవు, పేజీ రాస్తావు. ఆ తర్వాత చిన్నత్త ఫోను చేసింది. అర్ధరాత్రి పూజకి కొత్త కోడలు తన పక్కన ఉండాలని ఫిరంగిపురం నుంచి మీ అత్తగారు అడిగారనీ, తెల్లవారుజామున మన గుడిలో మన బెంచీలో కూతురూ అల్లుడూ కూర్చోవాల్సిందేనని మీ నాన్న పట్టుబట్టాడనీ, నువ్వు ఇద్దరికీ సరేనని ఫోను పెట్టేసి స్నానాల గదిలోకి వెళ్ళి ఏడ్చావనీ చెప్పింది. చిన్నత్త మాటల్లో సగం తీసేసి వినాలని మనింట్లో అందరికీ తెలుసు. నువ్వు ఏడ్చావన్న సగాన్ని మాత్రం తీసెయ్యలేకపోయాను.

అందుకే ఉత్తరం. ఫోనులో అయితే "సరే అత్తయ్యా" అని ఊరుకుంటావు.

కూర్గ్ వెళ్ళడం తప్పని నేను అనను. కొత్తగా పెళ్ళయినవాళ్ళు కొండలూ కాఫీ తోటలూ చూడాలి, ఇద్దరే తిరగాలి. సంక్రాంతి సెలవులకి వెళ్ళండి, ఖర్చుకి నేనూ కొంత ఇస్తాను. ఫిరంగిపురం వెళ్ళాలా గుంటూరు రావాలా అన్నది కూడా నాకు పెద్ద విషయం కాదు. పెళ్ళి ఏ గుడిలో అన్న దగ్గర జరిగిందంతా మళ్ళీ తవ్వే ఉద్దేశం అసలే లేదు. నేను అడిగేది ఒక్కటే. 24 రాత్రి మీ ఇంటికి తాళం వెయ్యొద్దు.

ఇంత చిన్న మాటకి ఇంత ఉత్తరమా అనుకుంటావు. ఎందుకో చెబుతాను. ఇది మీ నాన్నకీ తెలియదు. మామయ్యకి తెలుసు, ఆయన వెళ్ళిపోయారు.

నాకు పెళ్ళయింది 1976 మే నెలలో. కొత్తపేటలో ఒక వాటా అద్దెకి తీసుకున్నాం. ఒక గది, వంటకి పంచపాళీలో కొంచెం జాగా. ఆ డిసెంబరులో నీకొచ్చిన తగవే నాకూ వచ్చింది. మొదటి క్రిస్మస్ తమ ఊళ్ళోనే చెయ్యాలని ఒంగోలు నుంచి మా అత్తగారి కబురు. ఇక్కడేమో మా నాన్న. మీ తాతయ్య పాటల జట్టు నీకు కొంచెం గుర్తుండాలి, కానీ నువ్వు చూసింది ఆయన లేని జట్టు. ఆ రోజుల్లో 24 రాత్రి తొమ్మిదింటికి గుడి దగ్గర బయల్దేరితే తెల్లవారుజామున ఆరాధన గంట కొట్టేదాకా నడకే. ముందు ఒక కుర్రాడు తల మీద పెట్రోమాక్స్ లైటు మోసేవాడు. వెనక డోలక్, తాళాలు, మధ్యలో నాన్న కంజరి. ఇంటింటి ముందూ ఒక కీర్తన, ఒక ప్రార్థన, టీ, జంతికలు, మళ్ళీ నడక.

నేను ఒంగోలు వెళ్తున్నానని నాన్నకి చెప్పలేదు. చెబితే చిన్నబుచ్చుకుంటాడు, వచ్చాక నెమ్మదిగా చెబుదాం అనుకున్నాను. గొడవ లేకుండా. నీ మెసేజీలో ఆ మాట దగ్గర నా కళ్ళు ఎందుకు ఆగిపోయాయో ఇప్పుడు అర్థమైందా తల్లీ.

27న తిరిగొచ్చాం. ఇంటి యజమానురాలు మెట్ల దగ్గరే ఎదురొచ్చి చెప్పింది. మూడింటప్పుడు లైటు వెలుతురుకి మెలకువ వచ్చి చూస్తే మీ నాన్నగారు జట్టుతో నిలబడి ఉన్నారమ్మా, తాళం చూసి వెళ్ళిపోతారనుకున్నాను, అలా వెళ్ళలేదు, తలుపు ముందే కీర్తన మొత్తం పాడి, ప్రార్థన చేసి, అప్పుడు కదిలారు అంది. మా వీధి వాళ్ళ దారిలో ఉండేది కాదు. ఆ వీధిలో మన సంఘం వాళ్ళెవరూ లేరు. నా కోసమే ఇరవైమందిని అటు తిప్పుకొచ్చాడు. కిటికీ ఊచకి ఒక గుడ్డమూట కట్టి ఉంది. విప్పితే అమ్మ చేసిన గులాబీ పువ్వులు. మూడు రాత్రులు మంచుకి మెత్తబడిపోయాయి. నిలబడ్డ చోటే ఒక్కొక్కటీ తిన్నాను, మామయ్యకి కూడా పెట్టలేదు.

నాన్న ఆ తర్వాత ఆ సంగతి ఎత్తనే లేదు. కోప్పడినా బాగుండేది. మరుసటి ఏడు నుంచి మాత్రం 24 పొద్దున్నే సైకిలు మీద ఒక కుర్రాణ్ణి పంపేవాడు. ఆ కుర్రాడు గుమ్మంలో నిలబడి, "సారు కనుక్కు రమ్మన్నారమ్మా, రాత్రికి ఉంటారా?" అనేవాడు. 1977 నుంచి 1987 దాకా పదకొండు క్రిస్మస్‌లు. కుర్రాళ్ళు మారారు, ప్రశ్న మారలేదు. కన్నకూతురి ఇంటికి వెళ్ళడానికి ఒక తండ్రి ముందుగా అడిగి పంపాల్సి వచ్చింది, నా ఒక్క తాళం వల్ల.

1977 క్రిస్మస్ గురించి కూడా చెప్పాలి. ఆ నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. వేలమంది కొట్టుకుపోయారు, సర్కారు లెక్కే పదివేలకి దగ్గర. మా మిషన్ ఆస్పత్రి నుంచి మందులతో కొందరు నర్సులని పంపారు, అందులో నేనొకదాన్ని. అక్కడ చూసింది నీకు రాయను. కతోలిక సిస్టర్లూ మేమూ ఒకే కిరసనాయిలు స్టవ్వు మీద సూదులు మరగబెట్టుకున్నాం. ఎవరి క్రిస్మస్ ఎలా చేస్తారని అప్పుడు ఎవరం అడగలేదు. 24 సాయంత్రం బస్సు దిగి ఇంటికొస్తే నాన్న పంపిన కుర్రాడు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. మామయ్య డ్యూటీలో ఉన్నారు. తలుపుకి తాళం. జవాబు లేకుండా రావద్దని చెప్పారట, పొద్దుట్నించీ అక్కడే. వాడికి అన్నం వండి పెట్టాను. ఆ ఏడు మా ఇంట్లో పొయ్యి మీదకి మూకుడు ఎక్కలేదు, ఆ డబ్బు దివిసీమకి వెళ్ళింది. రాత్రి జట్టు వస్తే టీ ఒక్కటే ఇచ్చాను. నాన్న గ్లాసు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

సరే, నీ సంగతికి వస్తాను. పెళ్ళయ్యాక ఫిరంగిపురం గుడిలో మొదటి ఆదివారం సత్ప్రసాదానికి అందరూ లేచి వరసలో వెళ్తుంటే బెంచీ మొత్తంలో నువ్వొక్కదానివే కూర్చుండిపోయావట. అది చిన్నత్త చెప్పలేదు, నువ్వే ఆగస్టులో చెప్పావు, నవ్వుతూ. కతోలికులు కానివాళ్ళకి మామూలుగా ఇవ్వరని తెలిసి వెళ్ళినా, తెలిసినంత మాత్రాన నొప్పి లేకుండా పోదు. మీ మామయ్య 1999లో ఒక పేపరు నాకు చదివి వినిపించారు. ఆ ఏడు అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో మన సంఘం కూడా ఉన్న ప్రపంచ లూథరన్ సమాఖ్య వాళ్ళూ రోము వాళ్ళూ కూర్చుని, మనిషి దేవుని కృప చేతనే నీతిమంతుడిగా ఎంచబడతాడన్న విషయంలో మనకి మూల భేదం లేదని సంతకాలు పెట్టారు. లూథర్ గారి రోజుల నుంచి ఉన్న పెద్ద తగవు అది. మామయ్య ఆ రోజు ఎంత సంతోషపడ్డారో. అయినా ఇరవై అయిదేళ్ళు దాటినా రొట్టె దగ్గర గీత అలాగే ఉంది. పెద్దవాళ్ళ సంతకాలు బెంచీ దాకా రావడానికి చాలా కాలం పడుతుంది చిట్టీ. అంతదాకా నువ్వు ఆ బెంచీలో కూర్చో. అబ్బాయిని వెళ్ళనివ్వు, నీ కోసం ఆగిపొమ్మని అడగకు. అతను వరసలోంచి తిరిగొచ్చి ఎవరి పక్కన కూర్చుంటాడో చూసుకో.

ఒంగోలులో నాకు జరిగింది ఇంకో రకం. నాకు నెలల పిల్లప్పుడే బాప్తిస్మం ఇచ్చారు. బాప్టిస్టుల లెక్కలో అది లెక్కకి రాదు, తెలివి తెలిసి ఒప్పుకుని నీళ్ళలో మునిగి లేవాలి. 25 ఉదయం ఆరాధన అయ్యాక ఒక పెద్దాయన అందరి ముందూ మా అత్తగారిని అడిగారు, "మీ కోడలికి బాప్తిస్మం ఎప్పుడమ్మా?" అని. నా చేతులు చల్లబడ్డాయి. మా అత్తగారి సంగతి తెలుసు కదా, వాళ్ళ నాయనమ్మ 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున బాప్తిస్మం తీసుకున్న 2,222 మందిలో ఒకరు, ఆ మాట చెప్పకుండా ఆవిడ ఏ సంభాషణా ముగించేది కాదు. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. ఆవిడ మాత్రం, "అది నా కోడలూ దేవుడూ మాట్లాడుకుంటారు, మీరు టీ తీసుకోండి" అంది. అంతే. ఆ తర్వాత నలభై ఏళ్ళూ ఆవిడ ఏం చెప్పినా నేను కాదనలేదు.

అయితే ఆ గుడిలో నన్ను కాపాడింది ఆవిడ ఒక్కతే కాదు. పాట మొదలు పెట్టగానే చూస్తే చేతిలో ఉన్నది అదే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం. పురుషోత్తమ చౌదరి గారివి, నాన్న కంజరి మీద నేర్చుకున్నవే. నోరు తెరిచాను, పక్కనున్న ఆడవాళ్ళు నా వైపు తిరిగారు. పర్లాకిమిడి దగ్గర 1803లో పుట్టిన మనిషి, నాకోసం ఒంగోలులో కాస్త చోటు చేసి పెట్టి వెళ్ళాడనిపించింది. నువ్వూ ఫిరంగిపురం పాటలు నేర్చుకో. నీ గొంతు మీ తాతయ్యది. దాన్ని ఇరవై ఫ్లాట్ల భవనంలో దాచుకుని కూర్చోకు.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి, నక్షత్రం. కట్టావా? ఈ రోజు మొదటి ఆదివారం, ఈ రోజే కట్టాలి. కట్టకపోతే ఈ ఉత్తరం పక్కన పెట్టి ఇప్పుడే కట్టు. కొన్నదైనా ఫరవాలేదు. మీ తాతయ్య అయితే వెదురు బద్దలు చీల్చి ఒక రాత్రి నానబెట్టి, అయిదు కోణాల చట్రాలు రెండు కట్టి, కొసలు కలిపి బిగించి, మధ్యలో చిన్న చిన్న పుల్లలు నిలబెట్టి పొట్ట తెప్పించేవాడు. పైన పల్చటి రంగు కాగితం, మైదా ఉడికించిన జిగురు. ఒక మూల అంటించకుండా వదిలి అందులోంచి కిరసనాయిలు బుడ్డి లోపల పెట్టేవాడు. ఒక ఏడు గాలికి అంటుకుని వేపకొమ్మ దాకా మాడిపోయింది. అదే రాత్రి కూర్చుని ఇంకొకటి కట్టాడు. ఇప్పుడు మీకు ఎల్‌ఈడీ బల్బులు, ఏ భయమూ లేదు. కాబట్టి ఆర్పొద్దు. బాల్కనీలో లోపలి వైపు కాదు, రోడ్డు మీదనుంచి కనబడేలా రెయిలింగు బయటికి కట్టించు. నాలుగో అంతస్తు కదా, చాలా దూరం కనబడుతుంది. తీగ గట్టిగా ఉందో లేదో అబ్బాయిని చూడమను, నువ్వు వంగొద్దు.

మత్తయి సువార్త మళ్ళీ చదువు. జ్ఞానుల కథ ఒక్క మత్తయిలోనే ఉంది. నక్షత్రం చూసి వాళ్ళు వచ్చింది పాకలోకి కాదు, ఇంట్లోకి. ఇల్లు అనే రాసి ఉంది. చోటు లేదన్న సత్రం కథ లూకాలోది. ఈ రెండు సువార్తలూ పక్కపక్కన పెట్టుకుని ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఒకచోట మూసిన తలుపు, ఇంకోచోట తీసి ఉన్న ఇల్లు. వచ్చేవాళ్ళు ఎంత దూరం నుంచి బయల్దేరారో లోపల ఉన్నవాళ్ళకి తెలియదు. తూర్పున ఎక్కడనుంచో బయల్దేరి తాళం చూసి ఉంటే? నీకు ఇదంతా ఎక్కువగా అనిపించవచ్చు. నేను నర్సుని, ఆస్పత్రికి తాళం ఉండదు. క్రిస్మస్ తెల్లవారుజామున కొవ్వొత్తులు పట్టుకుని వార్డు వార్డూ పాడుకుంటూ తిరిగేవాళ్ళం. నిద్ర లేనివాళ్ళంతా, ఏ మతం వాళ్ళయినా, మంచం మీద లేచి కూర్చునేవాళ్ళు. నా బుర్ర అలా తయారైంది. తలుపు తీసి ఉంటేనే నాకు పండగ.

మీ అత్తగారు పశువుల పాక బొమ్మలు ఇచ్చారనీ, స్వరూపాలు ఇంట్లో పెట్టడం మీ నాన్నకి ఎలా ఉంటుందోనని పెట్టె విప్పలేదనీ విన్నాను. విప్పు. మీ నాన్నతో నేను మాట్లాడతాను. 1223లో ఇటలీలో గ్రెచ్చో అనే ఊళ్ళో సెయింట్ ఫ్రాన్సిస్ గారు నిజం ఎద్దునీ గాడిదనీ నిలబెట్టి పాక కట్టించారు, చదువు రాని పల్లెవాళ్ళకి బేత్లెహేము కళ్ళ ముందు కనబడాలని. అందులో మనకి అభ్యంతరం ఏముంది? మన చెట్టు మాత్రం బైబిల్లో ఉందా? జర్మనీ వాళ్ళ అలవాటు మిషనరీలతో వచ్చింది. గుంటూరులో దేవదారు దొరక్క బాపట్ల వైపు నుంచి సరుగుడు కొమ్మ తెచ్చి, మంచు అని మనూరి పత్తి అంటించి మా చిన్నప్పుడు అదే క్రిస్మస్ చెట్టు అనుకున్నాం. ఇప్పటికీ సరుగుడు వాసన వస్తే నాకు డిసెంబరే. 1842 జూలై 31న గుంటూరు వచ్చిన మిషనరీ హయ్యర్ గారిని మనం ఇప్పటికీ ఫాదర్ హయ్యర్ అనే అంటాం కదా, ఫాదర్ అన్న మాట కతోలికులదే అనుకోకు. ఒకరిది మనకి, మనది ఒకరికి ఎప్పుడో కలిసిపోయింది. మీరిద్దరూ కొత్తగా కలపాల్సింది చాలా కొంచెం.

వాళ్ళ అలవాటులో నాకు బాగా నచ్చింది ఒకటి ఉంది. పాక ముందే కడతారు, బాలయేసుని మాత్రం పెట్టరు. తొట్టి అన్ని రోజులూ ఖాళీగా ఉంటుంది. 24 అర్ధరాత్రి పెడతారు. మనవాళ్ళకి ఈ ఎదురుచూపు లేదు. పూజనుంచి ఇంటికి రాగానే నువ్వే పెట్టు, మీ అత్తగారికి వీడియో ఫోను చేసి ఆవిడ చూస్తుండగా పెట్టు. పాక చుట్టూ పళ్ళెంలో తడిమట్టి పోసి 15వ తారీకున మెంతులు చల్లు, పండగకి పచ్చగా లేస్తాయి. చెట్టు కింద పాక. దాని గురించి ఇంకేం ఆలోచించకు.

పిండివంటల సంగతి. మీ అత్తగారు అరిసెలు పంపుతారు, ఆవిడ పాకం నాకు తెలుసు, నిశ్చితార్థం నాడు తిన్నాను, అంత మెత్తగా నేను ఏనాడూ చెయ్యలేదు. నువ్వు గులాబీ పువ్వులు చెయ్యి. అమ్మ వాడిన ఇత్తడి అచ్చు నీకే. మైదా, కొంచెం బియ్యప్పిండి, గుడ్లు, చక్కెర, కొబ్బరిపాలు, పిండి దోసెల పిండికన్నా కాస్త పల్చన. అచ్చు ముందు నూనెలో బాగా కాగాలి. పిండిలో ముంచేటప్పుడు అచ్చు పైఅంచు మునగకూడదు, మునిగితే పువ్వు విడవదు. మొదటి నాలుగయిదు పాడవుతాయి, అచ్చు అలవాటు పడాలి, భయపడకు. నూనె దగ్గర చున్నీ వెనక్కి కట్టుకో, నీ వేలు మీదున్న మచ్చ ఒకటి చాలు. పక్క ఫ్లాట్లకి పళ్ళేలు పంపేటప్పుడు గుర్తుంచుకో, పువ్వుల్లో గుడ్డు ఉంటుంది. గుడ్డు తిననివాళ్ళకి అరిసెలే పెట్టి, ఆ సంగతి చెప్పి మరీ ఇవ్వు. చూశావా, ఆవిడ అరిసెలు లేకపోతే మీ అంతస్తులో సగం ఇళ్ళకి నీ పళ్ళెం వెళ్ళదు.

ఇంకొకటి మా అత్తగారిది. క్రిస్మస్ మధ్యాహ్నం వండిన అన్నంలో మొదటి విస్తరి ఇంట్లో ఎవరికీ పెట్టేది కాదు. వీధిలో ఒంటరిగా ఉన్నవాళ్ళ ఇంటికి అది వెళ్ళి, తిన్నారని కబురు వచ్చాకే మేం కూర్చునేవాళ్ళం. ధాత కరువు నాటి నుంచి వాళ్ళింట్లో వస్తున్న అలవాటు అనేది. మొదటి ఏడు ఆకలికి నాకు కోపం వచ్చింది. ఇప్పుడు అది లేకుండా ముద్ద దిగదు. మీ వాచ్‌మన్ కుటుంబం ఊరు వదిలి వచ్చిందన్నావు, ఆ రోజు వాళ్ళేం వండుకుంటారో కనుక్కో.

పాటల జట్లు ఇప్పుడు ముందే తేదీ చెప్పి వస్తున్నాయి, లారీ మీద వస్తున్నాయి, పన్నెండుకల్లా ముగిస్తున్నాయి. మీ దగ్గరలో ఏ సంఘం వాళ్ళు వస్తారో వెళ్ళి అడుగు, మీ ఫ్లాటు నంబరు రాయించు. వాచ్‌మన్‌కి ముందే చెప్పు, లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తాడు. ఇరవైమందికి సరిపడా గ్లాసులు లేకపోతే కాగితం కప్పులు కొను. టీలో అల్లం వెయ్యి, ఇంటింటా పాడిన గొంతులు. ఎవరూ రాకపోతే? రాకపోయినా కాచి ఉంచు. 1983లో జట్టు సగం జ్వరాలతో పడిపోయి మా వీధికి రాలేదు. టీ గిన్నె పొయ్యి మీదే పెట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నాం. మామయ్య తన చిన్నతనం సంగతులు అంతకుముందు ఎన్నడూ చెప్పనివి చెప్పారు. మా కాపురంలో నాకు బాగా గుర్తున్న రాత్రుల్లో అదొకటి.

అబ్బాయితో ఈ ఉత్తరం కలిసి చదువు. అతను మంచివాడు. సత్తెనపల్లి ఆస్పత్రిలో మీ నాన్న పక్కన రెండు రాత్రులు కూర్చున్నవాడు, పండగ దగ్గర నిన్ను నొప్పించాలనుకోడు. ఇద్దరు పెద్దవాళ్ళనీ నొప్పించలేక పారిపోదామనుకున్నారు, అంతేగా. పూజకి నువ్వు అతనితో వెళ్ళు, తెల్లవారి ఆరాధనకి అతను నీతో వస్తాడు, మధ్యలో మీ ఇంట్లో దీపం ఉంటుంది. 26న బస్సెక్కితే పొద్దున ఫిరంగిపురం, సాయంత్రం గుంటూరు, మధ్యలో పాతిక కిలోమీటర్లు. ఆ మాట మీ నాన్నకి నేను చెబుతాను. మీ అత్తగారికి మాత్రం నువ్వే ఫోను చేసి చెప్పు, మా నాన్నకి నేను చెయ్యనిది అదే. చిన్నబుచ్చుకుంటే చిన్నబుచ్చుకోనీ. రాత్రి మూడింటికి వచ్చి తాళం చూడడం కన్నా అది మేలు.

అచ్చు పోస్టులో పంపడానికి మనసు ఒప్పలేదు. బరువుగా ఉంది, అమ్మ చేతిది. నేనే తెస్తాను. గుంటూరు నుంచి పొద్దున్నే ఒక బస్సు మియాపూర్ దాకా వస్తుందట, 24న అదెక్కితే మధ్యాహ్నానికి మీ దగ్గర ఉంటాను. టిక్కెట్టు ఇంకా తీయించలేదు, నీ జవాబు వచ్చాక తీయిస్తాను.

రాత్రికి ఉంటారా?

మీ అత్తయ్య